పరీక్షల్లో లేని తలుపు

నాకు రెండు ఉద్యోగాలు. ఒకటి జీతమిచ్చేది, రెండోది పరువిచ్చేది. జీతమిచ్చే చోట ఒక ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కి అతుకులు వేస్తుంటాను. నేను రాసింది చూసినప్పుడల్లా మా టీమ్ లీడ్ ఒకటే మాట అంటాడు, "దీన్ని మనుషులు చదవాలి బాబూ, కాస్త అర్థమయ్యేలా రాయి" అని. నాకంటే చిన్నవాడు. అయినా బాబూ అంటాడు.

పరువిచ్చేది కోడ్ గోల్ఫ్. ఈ ఆటలో కర్రా బంతీ ఉండవు. ఆన్‌లైన్‌లో మా గుంపు ఒకటుంది. అందులో ఎవరో ఒకరు ఒక లెక్క ఇస్తారు, దానికి ప్రోగ్రామ్ రాయాలి. ఎవరిది అన్నిటికంటే పొట్టిగా ఉంటే వాళ్ళు గెలిచినట్టు. ఎవరికీ అర్థమవ్వక్కర్లేదు. ఒక్క అక్షరం తగ్గించడానికి రోజుల తరబడి జుట్టు పీక్కుంటాం. తగ్గాక ఆ సంతోషం ఇంట్లో చెప్పుకోవడానికి ఉండదు. చెబితే "అయితే ఏం వస్తుంది?" అంటారు. ఏమీ రాదు. అక్కడ నన్ను మేస్త్రీ అని పిలుస్తారు, అంతే. బయట బాబూ అనిపించుకునే మనిషికి అదే మహాభాగ్యం.

అక్కడ కొన్ని పద్ధతులున్నాయి. జవాబులు అందరికీ కనిపిస్తాయి. మన జవాబులోంచి ఎవరైనా ఇంకో ముక్క పీకగలిగితే, కింద ధన్యవాదాలు చెప్పి తమ పేరుతో పెట్టుకుంటారు. నా జవాబుల మీద అలా కాపు కాసేవాడు ఒకడున్నాడు. పిసినారి అని పేరు పెట్టుకున్నాడు. మొహం ఎలా ఉంటుందో తెలీదు గానీ, తోడబుట్టినవాళ్ళతో కంటే వాడితోనే ఎక్కువ మాట్లాడాను.

ఇంకో పద్ధతి ఏమిటంటే, జవాబు సరైందో కాదో మనిషి చూడడు, మెషీన్ చూస్తుంది. లెక్క ఇచ్చినవాడు దానితో పాటు, ఇది ఇస్తే ఇది రావాలి అని కొన్ని పరీక్షలు పెడతాడు. అవి పాసైతే చాలు. లెక్కలో ఏం రాసి ఉన్నా సరే, ఏ పరీక్షలోనూ అడగని పనిని ప్రోగ్రామ్‌లోంచి కోసి పారెయ్యొచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇది మోసం అంటారు. పాతవాళ్ళం నవ్వి ఊరుకుంటాం.

వానలు పట్టుకున్న రోజుల్లో, పొరుగువాడు అనే కొత్త పేరుతో ఒక లెక్క వచ్చింది. 'ఒక ఇంట్లో సాయంత్రం' అని దాని పేరు. వంటింట్లో కుళాయి కారుతుండాలి. పాప పాట పాడుతుండాలి. అమ్మ కంచాలు పెట్టాలి. నాన్న గదిలో టైపు చేస్తుండాలి, పిలిస్తే 'ఒక్క నిమిషం' అనాలి. కరెంటు పోతే ఒకరు మెట్లు దిగి వెళ్ళి స్విచ్ వేసి రావాలి. ఎవరైనా తలుపు కొడితే తియ్యాలి. ఇదంతా వరసగా ప్రింట్ చేసే ప్రోగ్రామ్ కావాలట.

చదివి నవ్వుకున్నాను. అచ్చం మా ఇల్లే. అయినా ఎవరింట్లో కుళాయి కారదు కనక?

పరీక్షలు తెరిచి చూశాను. కుళాయి ఊసు ఎక్కడా లేదు. కోసేశాను.

మర్నాడు వంటింట్లో నిలబడితే ఏదో వెలితిగా అనిపించింది. నెల రోజులుగా తల తినేస్తున్న చప్పుడు లేదు. కుళాయి మూతి పొడిగా ఉంది.

"ప్లంబర్‌ని పిలిచావా?" అని మా ఆవిడని అడిగాను.

"నేనెవర్నీ పిలవలేదు. మీకే ఇన్నాళ్ళకి తీరిక దొరికిందేమో అని మురిసిపోతున్నా" అంది. ఆవిడ మాటల్లో పంచదారకి ఎప్పుడూ కొదవలేదు, చేదు అడుగున ఉంటుంది.

నేను కూడా పెద్దగా పట్టించుకోలేదు. బుర్రంతా లెక్క మీదే ఉంది. పిసినారి నాకంటే ముందున్నాడు. ఇంకేం కొయ్యొచ్చా అని చూస్తే రెండు కనిపించాయి. పాప పాట ఏ పరీక్షలోనూ లేదు. తలుపు కూడా లేదు.

పాట ముక్క పెద్దది, కోస్తే చాలా కలిసొచ్చేది. కానీ మా పాప చేతులు కడుక్కుంటూ ఒక పాట పాడుతుంది. సబ్బు మీద తనే కట్టుకున్న పాట. దానికి రాగం లేదు, ముగింపు లేదు, కుళాయి కట్టేస్తే పాట ఆగుతుంది, అంతే. అది గుర్తొచ్చి చెయ్యి రాలేదు. తలుపు ముక్క కోసేశాను.

మొదటి స్థానం నాదయింది. పిసినారి వెంటనే రాశాడు, "గురువుగారూ, పాట ఎందుకుంచారు? అదీ దండగేగా."

"ఉండనీ" అని రాశాను.

ఆ సాయంత్రమే కరెంటు పోయింది. ఎదురు మేడ మీద దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అంటే మా మెట్ల కింద మెయిన్ స్విచ్ పడిపోయిందన్నమాట.

"కాస్త కిందికెళ్ళి చూసి రండి" అంది మా ఆవిడ.

స్నానాల గదిలోంచి పాప పిలిచింది. "నాన్నా, భయమేస్తోంది. తొందరగా రా."

"ఒక్క నిమిషం" అన్నాను.

మాది రెండో అంతస్తు. గోడ పట్టుకుని దిగాను. మీటర్ల గదిలో తడి సిమెంటు వాసన, దాని వెనక కాలిన వైరు వాసన. ఫోను వెలుగులో స్విచ్ వెతికి పైకి తోశాను. పైన మా కిటికీ వెలిగింది. మెట్ల దీపం మాత్రం వెలగలేదు.

తిరిగి పైకి వచ్చేసరికి తలుపు వేసి ఉంది. తాళం చెవి లోపలే వదిలేశాను. కొట్టాను. లోపల పాప పాడుతోంది. మళ్ళీ కొట్టాను. బెల్లు నొక్కాను. లోపల బెల్లు మోగడం నాకు వినిపించింది.

ఎవరూ రాలేదు.

వరండా వైపు కిటికీ దగ్గరికి వెళ్ళాను. మా ఆవిడ బల్ల మీద మూడు కంచాలు పెడుతోంది. అద్దం మీద అరచేత్తో బాదాను. తల కూడా తిప్పలేదు. ఫోన్ చేశాను. నా చెవిలో రింగవుతోంది. బల్ల మీదున్న ఆవిడ ఫోను మాత్రం వెలగలేదు. పక్కింటి తలుపు కొట్టాను. లోపల నవ్వులు, మాటలు. వాళ్ళూ తియ్యలేదు.

అప్పుడు విన్నాను... నా గదిలోంచి టైపు చేస్తున్న చప్పుడు.

"ఏమండీ, అన్నం చల్లారిపోతోంది" అని మా ఆవిడ ఆ గది వైపు పిలిచింది.

"ఒక్క నిమిషం."

నా గొంతే. నా విసుగే. మా ఆవిడ కాసేపు చూసి, అలవాటుగా ఆ కంచం మీద మూత పెట్టింది. ఆవిడకి తేడా తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో నేను చేసింది ఆ రెండు పనులేగా. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫోన్‌లో మా గుంపు పేజీ తెరిచాను. తలుపు ముక్క తిరిగి కలిపి పంపాను. తీసుకోలేదు. మర్చిపోయాను, ఆ చోట ఇంతకుముందు పంపినదానికంటే పొడుగైనదాన్ని తీసుకోరు. పొట్టిది మాత్రమే పంపాలి. తలుపు లోపలికి రావాలంటే, దానికంటే పెద్ద ముక్క ఇంకోటి బయటికి పోవాలి.

అలాంటిది ఒక్కటే మిగిలుంది.

అబద్ధమెందుకు, దాని మీద వేలు పెట్టాను. లోపల పాప సబ్బు పాట పాడుతోంది. వేలు తీసేశాను. చలిలో మెట్ల మీద కూలబడ్డాను. తెల్లారాక ఎవరో ఒకరు బయటికి రాకపోరు, అప్పుడే చూసుకుందాం అనుకున్నాను.

ఫోన్‌లో ఒక మెసేజ్ వచ్చింది. పిసినారి.

"ధన్యవాదాలు మేస్త్రీ. మీరు మొహమాటపడ్డారు గానీ నేను పాట పీకేశాను. మెట్లు ఎక్కడ ఆగాలో చెప్పే ముక్క కూడా దండగే, అదీ పోయింది. అన్ని పరీక్షలూ పాస్."

"వెనక్కి తీసుకో. దయచేసి. నీ కాళ్ళు పట్టుకుంటాను" అని రాశాను.

నవ్వే బొమ్మ ఒకటి పెట్టాడు. "గురువుగారికి కోపం వచ్చింది. ఆటేగా."

దాని కింద ఇంకో వాక్యం వచ్చింది. పొరుగువాడు ఈ జవాబుని అంగీకరించాడు.

లోపల పాట మాట మధ్యలో ఆగిపోయింది.

కుళాయి కట్టేసిన చప్పుడు లేదు. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. లేచి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. మా ఆవిడ స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చింది. బల్ల మీంచి చిన్న కంచం తీసి అలమరలో పెట్టింది. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. కూర్చుని అన్నం కలుపుకుంది.

అద్దం పగలగొడదామని చెయ్యెత్తాను... ఆగిపోయాను.

పాట కింద నుంచి వినిపిస్తోంది.

సబ్బు పాట. మెట్ల చీకట్లోంచి, సన్నగా. నా పై ప్రాణాలు పైనే పోయాయి, అయినా ఎక్కడో సంతోషం. నాలాగే తనూ బయట పడిందనుకున్నాను. కనీసం ఇద్దరం ఒక చోట ఉంటాం.

"అక్కడే ఉండమ్మా, వస్తున్నా" అని దిగడం మొదలుపెట్టాను.

ఇంకా దిగుతూనే ఉన్నాను. మీటర్ల గది ఎప్పుడో రావాలి. తడి సిమెంటు వాసన వస్తోంది, గది రావడం లేదు. గోడ చేతికి చల్లగా తగులుతోంది. పాట ఎంత దిగినా అంతే దూరంలో ఉంది. వెనక్కి తిరిగి చూస్తే పైన కూడా మెట్లే. మా కిటికీ వెలుగు లేదు. ఫోను వెలుగు తగ్గిపోతోంది...

ఇప్పుడే పాట ఆగింది.

"నాన్నా... ఎక్కడున్నావ్?"

నేను నోరు తెరిచేలోపే, పాప గొంతుకి ఇంకా కింద నుంచి, ఎవరో నా గొంతుతో జవాబిచ్చారు.

"ఒక్క నిమిషం."