పరుగు వీరుడి కాలు

పరుగు వీరుడికి మోకాలి కింద కాలు లేదు.

నేపుల్స్‌లో జమీందారు మార్కిస్ ఓతావియో ఇంటి హాలు. గోడంత తైలవర్ణ చిత్రం. ప్రాచీన ఒలింపిక్స్‌లో పరుగెడుతున్న ముగ్గురు యువకులు. నాలుగు వందల ఏళ్ల నాటిదని పేరు, ఇన్సూరెన్స్ ఉంది. ముందున్నవాడి కాలు చెరిగిపోయి ఆ చోట తెల్లగా మచ్చ మిగిలింది.

హాలంతా ఉల్లిపాయ కంపు. ఇన్‌స్పెక్టర్ ఒర్నెల్లా కిటికీ తెరిచింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది ముసల్ది! జైల్లో తోయండి మేడమ్," అంటూ మార్కిస్ కాఫీ కప్పు ఆమె ముందుకు జరిపాడు.

పనిమనిషి నున్సియా మూల నిలబడి ఉంది.

"ఏం చేశావు?" అంది ఒర్నెల్లా.

"ఈస్టర్ ముందు ఫాదర్‌గారు ఇల్లు దీవించడానికి వస్తారు కదమ్మా. ఏటా అంతా కడిగి, బొమ్మను ఉల్లిచెక్కతో రుద్దుతాను. మా అమ్మా అంతే చేసేది. ఎప్పుడూ దుమ్మే వచ్చేది. ఈసారి రంగొచ్చింది."

"గట్టిగా రుద్దావా?"

"పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచానమ్మా. దొరగారిని ఎత్తుకుని పెంచిన చేతులివి. ఈ వయసులో నన్ను జైల్లో పెడతారా?"

"దొరగారికి తెలుసా, రుద్దుతావని?"

"ఎందుకు తెలీదు? నిన్న ఆయనే గుర్తుచేశారు, బొమ్మ మర్చిపోకే అని."

మార్కిస్ దగ్గాడు.

ఒర్నెల్లా టార్చి వేసి మచ్చను చూసింది. చాలాసేపు చూసింది.

"ఆ కాలంలో ఇక్కడి చిత్రకారులు గుడ్డకు ముందు ఎర్రమన్ను పూత వేసేవారు. బొమ్మ దానిపైనే. కాలు చెరిగితే ఎర్రమన్ను బయటపడాలి. ఇక్కడ తెల్లపూత ఉందేం?"

మార్కిస్ కాఫీ కప్పును ఇంకాస్త ముందుకు తోశాడు.

"ఇది నకలు. రంగు ఇంకా ఆరనే లేదు. ఆరని రంగు ఉల్లిరసానికి ఊడకుండా ఉంటుందా? అసలుది ఎవరికి అమ్ముకుని, దీన్ని ఈమెతో చెరిపించి ఇన్సూరెన్స్ డబ్బు అడుగుతున్నారు?"

మార్కిస్ మొహం పాలిపోయింది. ఆ తర్వాత, సిగ్గు లేకుండా, నవ్వాడు.

"నున్సియానెన్నాళ్లు లోపల పెడతారు మేడమ్? ముసల్ది. అక్కడైనా వేళకు తిండి దొరుకుతుంది."

థూ, అనుకుంది ఒర్నెల్లా. తనను ఎత్తుకుని పెంచిన మనిషి గురించి మాట్లాడుతున్నాడు వీడు! బేడీలు తీసి వాడి చేతులకు వేసింది. వాడిచ్చిన కాఫీ ముట్టలేదు. ఆ ఊళ్లో కాఫీ కాదంటే మొహం మీద కొట్టినట్టే.

"నున్సియమ్మా, వంటింట్లో కాఫీ పెడతావా?"

"చేతులు ఉల్లి కంపమ్మా."

"ఫరవాలేదు. ఈ హాలు కంపు కంటే నయం."