మేకపిల్లల గదిలో ఓడ

"ఇదెవరికప్పా, బొమ్మకు లంగానా?"

సుధామణి నాతో మాట్లాడిన మొదటి మాట ఇదే. పావగడ బస్టాండు వెనక ఆ పిల్ల టైలరింగ్ షాపు. టీ డికాక్షన్‌లో నానబెట్టి ఆరేసిన గుడ్డ, కాగితం మీద గీసిన కొలతలు ముందర పెట్టి, అంచులు సన్నగా మడిచి కుట్టమన్నా. అంతే.

"తెరచాప," అన్నా. "ఓడకు."

జాకెట్ల కోసరం వచ్చిన ఆడోళ్ళందరూ నా తట్టు తిరిగినారు.

"యాడుండాదప్పా నీ ఓడ? నాగలమడిక ఏట్లోనా?"

"మంగళవాడలో. మా ఇంట్లో."

"పేరేంది?"

"గంగాధర."

"పేర్లో గంగ ఉండాది, ఊర్లో నీళ్ళు లేవు. పోనీలే, శుక్రవారం రా."

షాపంతా నవ్వింది. నాకు చెవులు కాలిపోయినాయి.

నేను సోలార్ పార్కులో టెక్నీషియన్‌ను. పొద్దంతా ప్యానెళ్ళ మధ్య ఎండలో మాడి, ఇంటికొచ్చి ఓడ చేస్తా. సముద్రం నేను చూడలేదు. ఫోన్లో దొరికిన ప్లాన్లు చూసి, అసలు ఓడలో నలభై ఎనిమిది అడుగులు నా ఓడలో ఒక్క అడుగయ్యేట్టు, పలక పలకా కోసి అతికిస్తా. చూసినోళ్ళందరూ ఒకటే అడుగుతారు, "దీంతో ఏమొస్తాదిరా?" అని.

శుక్రవారం పోతే సుధామణి వేరే ప్రశ్న అడిగింది. "దీనికి గాలి ఏ పక్కనుంచి కొడతాది? మడత ఆ పక్క రాకూడదు కదా, అందుకే కుట్టకుండా ఆపినా."

ఇన్నేండ్లలో నన్ను ఆ మాట అడిగినోళ్ళు లేరు. నేను ఆడనే పడిపోయినా.

ఇంక అప్పట్నించీ తెరచాపలు ఒకటొకటే తీసుకోని పోయినా. అన్నీ ఒకేసారి ఇయ్యచ్చు కదా అని ఆ పిల్ల అడగలేదు. నేనూ చెప్పలేదు. అందర్నీ "అన్నా, అన్నా" అని పిలిచే పిల్ల, నన్ను మాత్రం ఒక్కసారి కూడా అన్నా అనలేదు. ఆ ఒక్క ఆశతో తిరిగినా.

ఆఖరి తెరచాప, అన్నిట్లోకీ పెద్దది, బొటనవేలంత తక్కువొచ్చింది.

"కొలత నువ్వే తప్పిచ్చినావు," అనింది.

"నేనా? ఓడ విషయంలో నేను తప్పిస్తానా?"

"అయితే ఓడనే తీసుకురా. చూసి కుడతా."

"అది రాదు."

"ఏం, నీళ్ళు కావల్నా దానికి?"

చెప్పేకి సిగ్గయింది, అయినా చెప్పినా. మేకలు అమ్మేసినాక ఖాళీ పడిన మేకపిల్లల గదిలో చేసినా దాన్ని. తెరచాప స్తంభాలు నిలబెట్టి, తాళ్ళన్నీ బిగించి, మురిసిపోయి బయటికి తెద్దామని చూస్తే వాకిలి నా నడుమెత్తు. ఓడ అంతకంటే ఎత్తు.

విని, కత్తెర పక్కన పెట్టి కండ్లలో నీళ్ళొచ్చేట్టు నవ్వింది.

"సరే, నేనే వస్తా. ఒక్కదాన్నే వస్తే మీ ఊరికి టీవీ అక్కర్లేదు, నాయన్ను తోడుకోని వస్తా. ఆదివారం మాత్రం కుదరదు." నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది. "హిందూపురమోళ్ళు నన్ను చూసేకి వస్తాండారు."

"అట్లనా," అన్నా. బస్సెక్కినాక నన్ను నేనే తిట్టుకున్నా.

శుక్రవారం సాయంత్రం తండ్రీ కూతుర్లు టీవీఎస్ మీద దిగినారు. టైలరమ్మ వస్తాది, కొలత తీసుకోని పోతాది అని మా అమ్మ బోరమ్మకు ముందే చెప్పినా. కానీ తలలో కనకాంబరాలతో పిల్ల, పక్కన పిల్ల నాయన కనపడేసరికి అమ్మ ఇంకోటి అనుకునింది. సంబంధానికి ఇల్లు చూసేకి వచ్చినారని. నేను నోరు తెరిచేలోపల కుర్చీలు పడినాయి, బొరుగులు కలిసినాయి, టీ పొయ్యెక్కింది.

మేం ఇద్దరం వంగి గదిలోకి పోయినాం. సుధామణి ఓడ చుట్టూ తిరిగి చూసింది. వేలితో ఒక తాడు ముట్టింది.

"జెండా ఏంది, వెనక్కి ఎగరతాండాది?"

"లారీ మీద అట్లనే కదా ఎగిరేది."

"లారీని గాలి తోస్తాదా? తెరచాపలు ముందుకు ఉబ్బితే జెండా కూడా ముందుకే ఎగరల్ల. నీ ఓడకు రెండు గాలులా?"

నేను బిత్తరపోయినా. ఆ పిల్ల నవ్వుకుంటా బ్యాగులోంచి ఇంకో తెరచాప తీసి కట్టింది. కొలవనే లేదు. సరిగ్గా సరిపోయింది.

"ఇదెప్పుడు కుట్టినావు?"

"ఆ చిన్నదానికంటే ముందే."

"మరి అది ఎందుకు..."

"నువ్వు ఎప్పటికీ ఇంటికి రమ్మనవు కదా," అనింది, తాడు ముడి చూసుకుంటా.

బయట అమ్మ మాటలు వినపడతాండాయి.

"పర్మనెంట్ జాబ్ కాదన్నా. కానీ మావాడు తాగడు. దుడ్డు మిగిలితే గమ్ముకూ కట్టెలకూ పెడతాడు, అంతే."

"తాగకపోతే మంచిదేమ్మా," అన్నాడు సుధామణి నాయన హనుమంతరాయుడు. "అయితే మేం వచ్చింది గుడ్డ పనికి. ఆదివారం మా బిడ్డను చూసేకి హిందూపురమోళ్ళు వస్తాండారు."

అమ్మ బొరుగుల గిన్నె కింద పెట్టిన సద్దు వినపడింది.

సుధామణి నా తట్టు చూసింది. ఎప్పుడూ ఎగతాళి చేసే ఆ కండ్లలో భయం ఉండాది. ఇప్పుడు కూడా నోరు తెరవకపోతే ఆదివారం వస్తాది, ఆ హిందూపురమోడు బోండాలు తిని సరే అంటాడు, నేను ఓడ ముందర కూచోని ఏడవల్ల.

వంగి బయటికొచ్చినా. వచ్చినప్పటినించీ ఆయన్ను సార్, సార్ అంటాండా.

"మామా," అన్నా.

ఆయన చేతిలో టీ లోటా ఆడికాడ ఆగింది.

"నాకు మీ బిడ్డంటే ఇష్టం. చానా ఇష్టం. చెప్పలేకనే ఇన్నాళ్ళూ గుడ్డముక్కలు మోసినా. ఆదివారం వాళ్ళను రావద్దని చెప్పు మామా."

ఆయన నన్ను చూడలేదు. నా వెనక వంగి బయటికొస్తాండే కూతుర్ని చూసినాడు.

"ఏమ్మా?"

"ఊ," అనింది. అంత వాగే పిల్ల, ఊ అనింది.

ఆయన టీ మిగలకుండా తాగి, లోటా కింద పెట్టి, జేబులోంచి ఫోన్ తీసినాడు. "మరి వాళ్ళకేం చెప్పల్ల ఇప్పుడు?"

సుధామణి పోయి మా అమ్మ పక్కన నిలబడింది.

"ఇల్లు చూసేసినామని చెప్పు నాయనా."