గోరు అంచు దాకా

రాకెట్ సైంటిస్టును పట్టపగలు లాబ్‌లోనే కాల్చి చంపారు. అతని లాకర్‌లోని మైక్రోఫిల్మ్ మాయమైంది. లాకర్ తలుపు మీద దొరికింది ఒకే ఒక్క వేలిముద్ర. అది ఏజెంట్ గద్దది.

ఇప్పుడు గద్ద చేతులకు బేడీలున్నాయి. ఎదురుగా చీఫ్. స్వయానా గద్ద అక్క మొగుడు.

"మీ అక్క మొహం చూసి ఉద్యోగమిచ్చాను. ఎంత పని చేశావురా ద్రోహీ!"

"నేనా గదిలో అడుగే పెట్టలేదు బావా!"

"బావా లేదు, గీవా లేదు. చీఫ్ అను."

పక్కన మేడమ్ నిలబడి ఉంది. వేలిముద్రల విభాగానికి ఆవిడే హెడ్. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, గది నిండా ఆవిడ సెంటు. చేతిలో సీలు వేసిన ఎవిడెన్స్ బాక్సు. ఆవిడ సీలు వేసిన బాక్సును గేటు దగ్గర ఎవరూ విప్పి చూడరు.

"ప్రతి గీతా కలిసింది చీఫ్. ఇది హెడ్డాఫీసులో ఇచ్చేసి వస్తాను."

"వెళ్లండి. గార్డ్స్, వీణ్ణి వెనక్కి తీసుకెళ్లి కాల్చేయండి."

గార్డులు రెక్కలు పట్టుకుని లాగారు. గద్దకు ఒళ్లు మండిపోయింది.

"చంపితే చంపండి. ముందు ఆ ముద్ర నా కళ్లతో చూడనివ్వండి!"

చీఫ్ ఆ ముద్ర ఫొటోను గద్ద మొహాన కొట్టాడు. అది చూసి గద్ద పళ్లు కొరికాడు.

"నీ ముందున్న ఆ గ్లాసు మీద నీ ముద్ర చూసుకో బావా. వేలి నడిమి భాగమే పడింది కదా? ఎవడు ఏది ముట్టుకున్నా అంతే. మరి ఇది? గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పడింది. దొంగతనానికెళ్లి తీరిగ్గా వేలు దొర్లిస్తూ కూర్చున్నానా? అలా దొర్లించేది ఉద్యోగంలో చేరినప్పుడు, సర్వీసు కార్డు మీదే. నా కార్డు నుంచి ఎవరో అచ్చు తీశారు. ఆ కార్డులుండే బీరువా తాళం ఎవరి దగ్గరుంది?"

చీఫ్ గిరుక్కున తిరిగాడు. మేడమ్ లేదు. కింద కారు స్టార్టయింది.

చీఫ్ కిటికీలోంచి రివాల్వర్ పేల్చాడు. టైరు పేలి, కారు గేటుకు జానెడు దూరంలో అడ్డం తిరిగింది. గార్డులు మేడమ్‌ను బయటికి ఈడ్చారు. బాక్సులో మైక్రోఫిల్మ్ ఉంది. పక్కనే రబ్బరుతో చేసిన బొటనవేలి అచ్చు.

"శత్రుదేశం ఏజెంటన్నమాట! ఇంత తెలివైంది, ఇలా ఎలా దొరికిందిరా?"

"ఎప్పుడూ కార్డుల మీద ముద్రలే చూసింది. మనుషులు తలుపు ఎలా ముట్టుకుంటారో చూసుకోలేదు."

చీఫ్ బేడీలు విప్పాడు. మొహం చూడలేక గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్, కాల్చేయమన్న సంగతి మీ అక్కతో అనకు."

"నేనెందుకంటాను చీఫ్? నువ్వే చెబుతావు. నేను పక్కన కుర్చీ వేసుకుని వింటాను."