ముత్తన్న చీటీ

భోజన్నకు అనుమానం మొదలైంది తిండి దగ్గరే. భార్య పోయిన నాలుగేళ్లుగా అతను వదిన లింగవ్వ చేతి కూడే తింటున్నాడు. నిరుడు అన్న ముత్తన్న కూడా పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. ఈ మధ్య ఆమె అన్నం తగ్గించి జొన్నరొట్టె పెడుతోంది. చాయలో చక్కెర వేయడమే మానేసింది. ఆరెకరాల చెరకు పండించేవాడికి చప్పిడి చాయ పోయడమంటే కడుపులో ఏదో పెట్టుకునే పోస్తోందని భోజన్న గట్టి నమ్మకం.

భోజన్నకు షుగర్ వచ్చి పన్నెండేళ్లు. దాని వెనకాలే బీపీ వచ్చింది. అన్నదమ్ములిద్దరికీ అవే జబ్బులు. ఒకే ఇంట్లో ఒకే జబ్బుకు రెండు చీటీలెందుకని, డాక్టరు ముత్తన్నకు రాసిన చీటీ చూపించే బోధన్‌లో ఇద్దరికీ గోలీలు తెచ్చుకునేవాళ్లు. అన్న చచ్చిపోయాక కూడా ఆ చీటీ మారలేదు. పైగా ఆ గోలీలైనా భోజన్న తల తిరిగినప్పుడే మింగేవాడు.

చెరకు కొట్టే రోజుల్లో ఒక పొద్దున అతని ఎడమ కంట్లో నల్లటి దారం ఒకటి వేలాడింది. భుజం మీది పచ్చ తువ్వాలతో ఎంత తుడిచినా పోలేదు. మధ్యాహ్నానికి అది బూజులా అల్లుకుంది. సాయంత్రానికి బూజు వెనక ఎర్రటి మసక కమ్మింది.

ముత్తన్నకూ ఇలాగే మొదలైంది. అప్పుడు నిజామాబాద్‌లో కంటికి ఫొటో తీసి, లేజర్ పెట్టాలి, వారంలో రమ్మన్నారు. అన్న రోజూ అడిగేవాడు. చెరకు లారీ పోనీ, కోత కానీ అంటూ భోజన్న దాటేశాడు. కోత అయ్యేలోపే ముత్తన్న చూపు ఆనక చేనులోని బావిలో పడి చచ్చిపోయాడు. ఆ వేళకు తాను లారీ దగ్గర ఉన్నానని భోజన్న ఊరందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు. లింగవ్వ మాత్రం ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే అతణ్ని ఏడాదిగా తినేస్తోంది. ఇప్పుడు కన్ను కూడా పోతుంటే, ఇది వదిన చేయించిన బాణామతి కాక మరేమిటని అనుకున్నాడు.

అయితే నిజామాబాద్ పోదామని పట్టుబట్టింది ఆమే. బాణామతి చేయించిన మనిషే మళ్లీ వైద్యానికి ఎందుకు తీసుకెళ్తుందో అతనికి అంతుబట్టలేదు. బస్సులో ఆమె ఇచ్చిన నీళ్లు కూడా తాగలేదు.

ఆసుపత్రిలో లింగవ్వ కొంగుముడి విప్పి ముత్తన్న పాత కార్డు కిటికీలోకి అందించింది. ఇదెందుకని అడిగితే, గోలీలకు నడిచే పేరు దీనికి మాత్రం నడవదా అంది. కొత్త కార్డంటే మళ్లీ లైను. భోజన్న ఊరుకున్నాడు.

కంట్లో చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టారు. లోకమంతా తెల్లగా చెదిరిపోయింది. తర్వాత ఫొటో గదిలోకి పిలిచారు. తలుపు వేయగానే చీకటి. స్పిరిట్ వాసన. మిషను మీద గడ్డం ఆనించమని, ఫొటోలు తీసే సువర్ణ చెప్పింది. మెరుపు మెరిసింది.

కంప్యూటర్ మీద గుండ్రంగా, ఎర్రగా కంటి లోపలి బొమ్మ వచ్చింది. షుగర్ ఎక్కువై సన్నటి రక్తనాళాలు గుల్లబారాయని, బీపీ ఒత్తిడికి అవి చిట్లి నెత్తురు కారుతోందని సువర్ణ వేలితో చూపించింది. పోల్చి చూడ్డానికి ఆ కార్డు నంబరు మీదున్న పాత కంటి ఫొటో పక్కన తెరిచింది.

ఆమె వేలు ఆగిపోయింది. రెండు బొమ్మలనూ పెద్దవి చేసింది. మళ్లీ చిన్నవి చేసింది.

"బాపూ, ఇంతకు ముందు మీరే వచ్చిండ్రు గదా?"

"నేను గాదు బిడ్డా. గా కార్డు మా అన్నది. సచ్చిపోయిండు."

సువర్ణ గొంతు తగ్గించి చెప్పింది.

"ఎవ్వల కంటి నరాలు వాళ్లయే బాపూ, ఏలిముద్ర లెక్క. అన్నదమ్ములయి గూడ కలవయి. కనీ ఇవి రెండు... ఒక్కటే కన్ను."

మిషను తప్పై ఉంటుందని తనకు తానే చెప్పుకుని, భోజన్న కుడికన్ను మూసి మళ్లీ ఫొటోకు సిద్ధం చేసింది.

ఎడమకంట్లో ఎర్రటి మసక... కదిలింది. నీళ్లలా కదిలింది.

స్పిరిట్ వాసన పోయింది. నాచు వాసన వచ్చింది. చుట్టూ తడి రాళ్లు. పైన గుండ్రటి ఆకాశం. ఆ అంచు మీద ఎవరో మనిషి... నిలబడి కిందికి చూస్తున్నాడు. భుజాన పచ్చ తువ్వాల. చెయ్యి చాచడం లేదు. కేక వేయడం లేదు.

మొహం మసకగా ఉంది. అయినా ఆ మనిషెవరో భోజన్నకు తెలుసు. ఆ రోజు అతను లారీ దగ్గర లేడు. అన్న కేక విని బావి దాకా వచ్చాడు. ఆ తువ్వాల కిందికి వదిలితే అందేది. ఎందుకు వదల్లేదో అతనికి ఇప్పటికీ తెలియదు.

మెరుపు మెరిసింది. రెండో ఫొటో కూడా మొదటిదానిలాగే వచ్చింది.

డాక్టరు వచ్చి, ఫొటోలు కలగలిసి ఉంటాయని కొట్టిపారేశాడు. ఇవాళే లేజర్ పెడితే నెత్తురు కారడం ఆగుతుందన్నాడు. ఉన్న నెత్తురు నెమ్మదిగా కరిగి కొన్ని నెలల్లో చూపు తేటపడవచ్చు. ఆలస్యం చేస్తే కన్ను దక్కదు. సంతకం పెట్టమన్నాడు.

భోజన్న బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. పెట్టించుకోకపోతే గుడ్డితనం. పెట్టించుకుంటే ఆ పైనున్న మొహం రోజురోజుకూ తేటగా కనబడుతుంది. లోపల కనబడింది అతను సువర్ణకు చెప్పలేదు, డాక్టరుకు చెప్పలేదు. లింగవ్వకు అసలే చెప్పలేదు. లేజరూ వద్దు ఏమీ వద్దు, ఇంటికి పోదామన్నాడు.

లింగవ్వ అతని మణికట్టు పట్టుకుంది. చెవి దగ్గరికి వంగి మెల్లగా అంది.

"చేపిచ్చుకో భోజన్న. నెత్తురు తేటవడితే మంచిగ కనవడ్తది... పైన నిలవడ్డోని మొకం."