పదకొండో తల్లి

నూట పన్నెండో పేజీ దగ్గర గున్‌వోర్ చేతిలోని కాఫీ చల్లారిపోయింది. కూతురు సిగ్రిద్ ఐదేళ్ళు నేరశాస్త్రం మీద పరిశోధన చేసి రాసిన సిద్ధాంత గ్రంథం అది. కొడుకులు జైల్లో ఉన్న పన్నెండుమంది తల్లుల మాటలు అందులో ఉన్నాయి. పేర్లు లేవు, అంకెలే. మొదటి తల్లి, రెండో తల్లి... పాపం, వీళ్ళ బాధా నా బాధా ఒకటే కదా అని కళ్ళు తుడుచుకుంటూ చదువుతున్న ఆమె, పదకొండో తల్లి దగ్గరికి వచ్చేసరికి కొయ్యబారిపోయింది. ఆ మాటలు తనవే.

"ఆ సాయంత్రం మీవాడు ఇంట్లోనే ఉన్నాడా అని పోలీసులు అడిగారు. లేడని చెప్పాను. కన్నతల్లి సాక్ష్యం చెప్పి తీరాలని లేదట, నోరు మూసుకుంటే సరిపోయేది. పక్కింటామె చెప్పిందనుకుంటున్నాడు వాడు. చూడ్డానికి వెళ్ళే రోజు పొద్దున్నే ఏలకుల బన్నులు చేస్తాను. లోపలికి తీసుకెళ్ళనివ్వరు. కానీ ఆ వాసన నా స్వెట్టరుకి పడుతుంది. అమ్మా, నీ దగ్గర మన ఇంటి వాసనొస్తోంది అంటాడు. అప్పుడు నాకు చచ్చిపోవాలనిపిస్తుంది..."

మూడేళ్ళ కిందట ఇదే వంటింట్లో, ఇదే బల్ల దగ్గర బంగాళదుంపల తొక్క తీస్తూ కూతురి ముందు కడుపు చించుకుని చెప్పుకున్న మాటలు. దుంపల గిన్నె పక్కన సిగ్రిద్ ఫోను పెట్టుకుంది. ఎవరో చేస్తారని పెట్టుకుందేమో అనుకుంది గున్‌వోర్. ఆ పిచ్చితల్లికేం తెలుసు, అది ప్రతి మాటా, మధ్యలో వచ్చిన ఏడుపుతో సహా, పట్టుకుంటోందని.

ఆ శనివారం మధ్యాహ్నమే సిగ్రిద్ వచ్చింది.

"అమ్మా, నాన్న సుత్తి కావాలి. సోమవారం మేకు కొట్టాలి కదా."

పట్టం కోసం జరిగే ఆఖరి పరీక్షకు మూడు వారాల ముందు గ్రంథాన్ని మేకుతో విశ్వవిద్యాలయం బోర్డుకి కొట్టడం అక్కడి ఆనవాయితీ. చచ్చిపోయిన భర్త ఫోల్కె వడ్రంగం సుత్తితోనే ఆ మేకు దిగాలని గున్‌వోర్ ఎన్నాళ్ళుగానో ముచ్చటపడింది.

"సుత్తికేం, ఇస్తాను. పదకొండో తల్లిని నన్నెప్పుడు చేశావే?"

సిగ్రిద్ తల వంచుకుంది. "పేరు మార్చానమ్మా. ఊరు మార్చాను, ఉద్యోగం మార్చాను. ఎవరికీ తెలీదు."

"ఏలకుల బన్ను మార్చావా? మీ తమ్ముడు లీనస్ ఆ పుస్తకం జైలు లైబ్రరీకి తెప్పించమని అడిగాడు, మా అక్క రాసింది అని అందరికీ చెప్పుకుంటున్నాడు. వాడికి తెలీదా?"

సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది సిగ్రిద్. అంగీకార పత్రం. మిగతా పదకొండుమందీ సంతకాలు పెట్టినవి ఫైల్లో ఉన్నాయి, ఇదొక్కటే లేదు, సోమవారం పొద్దున ప్రొఫెసర్‌కి చూపించాలి.

"సంతకం పెట్టమ్మా. తేదీ మాత్రం... మూడేళ్ళ కిందటిది వెయ్యి. లేకపోతే నా ఐదేళ్ళూ గంగపాలే."

"పెట్రోలు బంకులో ముసలాయన కన్ను పోగొట్టాడు వాడు. ఒక్క అబద్ధమాడి ఉంటే వాడు ఆరేళ్ళు లోపలుండేవాడు కాదు. కన్నకొడుకు కోసమే ఆడలేదు. నీ కోసం ఆడమంటున్నావా? రేపు వాడికి నేనే చెప్పుకుంటాను. సంతకం సంగతి తరవాత."

ఆదివారం బన్నులు చెయ్యలేదు. ఉతికిన చొక్కా వేసుకుని రైలెక్కింది. లీనస్ వచ్చి కావలించుకుని, వాసన లేదని గమనించి, దూరం జరిగి చూశాడు.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

చెప్పింది. తల ఎత్తకుండా, పోలీసుల దగ్గర్నుంచి సంతకం దాకా అంతా చెప్పింది.

"తెలుసమ్మా. విచారణకి ముందే కేసు కాగితాలన్నీ నా చేతికిచ్చారు. నీ మాటలు పద్దెనిమిదో పేజీలో ఉన్నాయి."

"మరి పక్కింటామె అన్నావు కదరా..."

"నీకు కష్టంగా ఉంటుందని అన్నాను. ఎప్పటికైనా నువ్వే చెప్తావని మూడేళ్ళకి పైగా చూశాను. పోలీసులకి చెప్పినందుకు నాకు కోపం లేదమ్మా. నాకు చెప్పకుండా అక్కకి చెప్పావు చూడు..."

ఆ మాట ఆమె గుండెలో ములుకై దిగింది. లేచేముందు వాడే అన్నాడు. "సంతకం పెట్టు. తేదీ మాత్రం నిజమైనదే వెయ్యి. మన ఇంట్లో అబద్ధాలాడి నేనొక్కణ్ణి చెడింది చాలు."

ఆ సాయంత్రం వంటింట్లో సిగ్రిద్ కాచుకుని ఉంది. గున్‌వోర్ కోటు కూడా విప్పకుండా సంతకం పెట్టి, ఆ రోజు తేదీ వేసింది.

"కేసు కాగితాలు ముద్దాయికి ఇస్తారని నీకు తెలీదా?"

"తెలుసు... పాఠం కూడా చెప్తాను. మనింటి విషయంలో తట్టలేదు," అంది సిగ్రిద్ పాలిపోయిన ముఖంతో.

"చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే."

కూతురు కాగితం తీసుకుని, సుత్తి అడగకుండానే వెళ్ళిపోయింది. అంగీకారం ఇప్పుడే తీసుకుందని తేలడంతో పరీక్ష ఆగిపోయింది. ఆ అధ్యాయం తీసేసి మళ్ళీ రాయమన్నారు. వేసవి అంతా ఇంటికి ఒక్క ఫోను లేదు. లీనస్ కూడా రెండు ఆదివారాలు రావద్దన్నాడు. తనకు నిజం చెప్పడం తప్ప మరేదీ చేతకాలేదని, ఆ నిజం కూడా ఎవరికి ముందు చెప్పాలో తెలియలేదని గున్‌వోర్ ఒంటరిగా ఏడ్చుకుంది.

ఆకులు రాలే రోజుల్లో సిగ్రిద్ వచ్చింది. కొత్త పుస్తకం బల్ల మీద పెట్టింది. అందులో పదకొండుమందే తల్లులు. పదకొండో ఆమె ఎవరో వేరే ఊరి మనిషి. గున్‌వోర్ సుత్తి తెచ్చి దాని పక్కన పెట్టి, దుంపల ముందు కూర్చుంది. సిగ్రిద్ కూడా ఒక కత్తి తీసుకుంది.

"లీనస్ ఎలా ఉన్నాడమ్మా?"

గున్‌వోర్ చెయ్యి ఆగింది. "అడుగుతున్నది వాడి అక్కా, పుస్తకాల ఆవిడా?"

"అక్కేనమ్మా," అంది సిగ్రిద్, కళ్ళనిండా నీళ్ళతో.

"అయితే ఆ ఫోను బయట పెట్టి రా."

సిగ్రిద్ లేచి, ఫోను హాల్లో చెప్పుల అర మీద పెట్టి, వంటింటి తలుపు వేసి వచ్చింది.

"చిక్కిపోయాడే," అంది గున్‌వోర్.