స్తంభం చాటు మనిషి

"యాక్సిడెంట్ కాదు, హత్య," అన్నాడు చీఫ్.

టేబుల్ మీద ఫొటో ఉంది. పగిలిన గ్రైండింగ్ చక్రం ముక్కలు, చక్రానికి కప్పే ఇనప గార్డు వంగిపోయినది, రేకుల కప్పులో చిల్లు. నెల కిందట ఆ చక్రం దగ్గర పనిచేసిన మేస్త్రీ ఇప్పుడు లేడు. రిపోర్టులో మాత్రం ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు: చక్రంలో పగులు.

ఏజెంట్ ఫుల్‌స్టాప్ ఆ ఫొటో వంకే చూస్తున్నాడు. ఏ కేసులో కాలుపెట్టినా అది అక్కడితో ముగిసిపోతుందని డిపార్ట్‌మెంటులో అతనికి ఆ పేరు.

"సబ్‌మెరీన్ షాఫ్టుని మైక్రాన్ తేడా రాకుండా అరగదీసే చేతులు రెండు జతలే ఉన్నాయి. ఒక జత పోయింది. రెండో మేస్త్రీ రేపు పదకొండింటికి మొదలుపెడతాడు. విదేశీ ముఠా అతన్నీ లేపేస్తే షాఫ్టు ఇక లేనట్టే."

"ఎవరా రెండో మేస్త్రీ?"

చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ మేనమామ."

ఫుల్‌స్టాప్ చటుక్కున తలెత్తాడు. తండ్రి పోయాక తనని పెంచి మనిషిని చేసినవాడు మావయ్య. మేనల్లుడు ఏదో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా అనుకుంటున్నాడు, పాపం పిచ్చి మహారాజు!

"పని ఆపించెయ్యండి సార్."

"ఆపితే ముఠా కలుగులో దూరుతుంది. మళ్లీ ఎప్పుడు కాటేస్తుందో మనకి తెలీదు. లోపల మన మనిషి ఒకామె ఉంది. వాళ్ల మనిషి కూడా ఆమే. ఎవరికి ఎక్కువ పనిచేస్తుందో నాకే అంతుపట్టడం లేదు. కోడ్ గుర్తుపెట్టుకో."

మర్నాడు పదింటికి నెరిసిన గడ్డం, హెల్మెట్, చేతిలో చెక్‌లిస్టుతో సేఫ్టీ ఆడిటర్ ఒకాయన ఫ్యాక్టరీలో దిగాడు. లోపల ఎవర్ని చూసినా ఫుల్‌స్టాప్‌కి అనుమానమే. నవ్వినవాడు ఎందుకు నవ్వాడో, నవ్వనివాడు ఎందుకు బిగుసుకున్నాడో! మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ అయితే మరీనూ. కనబడ్డ ప్రతివాణ్ణీ "బావగారూ" అంటాడు. మాటలో తేనె, నడుముకి తాళాల గుత్తి.

"మీ దగ్గర ఎమరీ పేపర్ ఉందా?" వెనకనుంచి సన్నటి గొంతు.

తిరిగి చూశాడు. చక్రాలు సప్లై చేసే కంపెనీ ఎక్స్‌పర్టునంటూ తిరుగుతున్న మేడమ్. పట్టు స్కార్ఫు, ఎత్తు మడమల చెప్పులు. చూసినవాళ్లకి మతిపోయేంత అందం.

"నున్నటిదా, గరుకుదా?"

"ఎనభై నంబరు." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "చక్రం మంచిదే. వేరే చోట వెతుకు."

‘చక్రం వైపు చూడొద్దని చెప్పడానికేనా నిన్ను పంపారు?’ అనుకున్నాడతను. పైకి మాత్రం, "ఉక్కు షాఫ్టుకి ఏ రకం వాడతారు మేడమ్?" అని అడిగాడు.

"అల్యూమినియం ఆక్సైడ్. పోత ఇనుముకీ రాయికీ అయితే సిలికాన్ కార్బైడ్." బడిపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. అనుమానం ఇంకో మెట్టెక్కింది.

గ్రైండింగ్ షెడ్డులో మావయ్య తెల్లటి పెద్ద చక్రాన్ని తాడుకి వేలాడదీసి, చెక్కసుత్తితో నాలుగు వైపులా తట్టి వింటున్నాడు. ఖంగుమంది. పగులుంటే దబ్బుమని మూగగా పలుకుతుంది. ఫుల్‌స్టాప్ కూడా తన పెన్ను ఆనించి చూశాడు. అల్ట్రాసోనిక్ పెన్ను అది, పగులు లేదన్నట్టు పచ్చ లైటు వెలిగింది. లేబుల్ మీద గరిష్ఠ వేగం నిమిషానికి పదకొండు వందల చుట్లు. మెషినుకి ఎక్కించాక చూస్తే, బిగించి పట్టే ఫ్లాంజికీ చక్రానికీ మధ్య అట్టబిళ్ల ఉంది. గార్డు బిగించే ఉంది. అన్నీ సవ్యమే, అదే అతనికి మింగుడుపడలేదు.

"గడ్డం నీకు అస్సలు నప్పలేదురా గుమాస్తా," అన్నాడు మావయ్య చక్రం మీంచి కళ్లెత్తకుండా.

ఫుల్‌స్టాప్ దగ్గరికి జరిగాడు. "మావయ్యా, నిన్ను చంపడానికి చూస్తున్నారు. ఒంట్లో బాగోలేదని వెళ్లిపో."

"నేను తప్పుకుంటే ఇక్కడ ఇంకొకడు నిలబడాలి. వాడికి మాత్రం పెళ్లాంబిడ్డల్లేరా? నీ పని నువ్వు చూడు, నా పని నన్ను చేసుకోనీ."

ఈయన ఒకసారి కాదన్నాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా అవుననడు.

పదకొండు కొట్టింది. చక్రం ఎక్కించాక మొదటి నిమిషం దాన్ని ఊరికే తిరగనివ్వాలి, పగులుంటే అప్పుడే పేలుతుంది కాబట్టి ఎవరూ దాని ఎదుట ఉండకూడదు. ఆ పనిలో ఉన్నవాళ్లకి అది అన్నం తినేముందు చెయ్యి కడుక్కోవడం లాంటి అలవాటు. మావయ్య మొదటి స్పీడ్ నొక్కి పక్కకి జరిగాడు. పనివాళ్లు అటూ ఇటూ తప్పుకున్నారు. సూపర్‌వైజర్ బావగారు స్తంభం చాటుకి వెళ్లాడు. మేడమ్ మాత్రం కెమెరా పట్టుకుని సరిగ్గా చక్రానికి ఎదురుగా నిలబడింది!

"అమ్మాయ్! ఎదురుగా నిలబడతావా, బుద్ధుందా? ఆ స్కార్ఫు తీసెయ్, చక్రం లాగిందంటే మెడతో సహా పోతుంది!" అరిచాడు మావయ్య. ఆమె ఉలిక్కిపడి జరిగింది.

ఫుల్‌స్టాప్ ఆలోచనలో పడ్డాడు. పేలుతుందని తెలిసినదైతే అక్కడ నిలబడుతుందా?

నిమిషం అయింది. అందరూ ఊపిరి పీల్చుకుని దగ్గరికొచ్చారు. మావయ్య చక్రాన్ని చల్లబరిచే కూలెంటు నీళ్ల కుళాయి తిప్పి, అరగదీయడానికి వాడే రెండో స్పీడ్ బటన్ వైపు బొటనవేలు చాచాడు. బావగారు మాత్రం కదల్లేదు.

"నిమిషం అయిపోయింది, రండి," పిలిచాడు ఫుల్‌స్టాప్.

"ఫర్వాలేదు బావగారూ, ఇక్కణ్ణుంచే బాగా కనబడుతోంది."

స్తంభం వెనకనుంచి స్తంభం తప్ప ఏం కనబడుతుంది? ఆ పనిలో పుట్టి పెరిగినవాడు నిమిషం దాటాక కూడా దాక్కున్నాడంటే, ప్రమాదం ఇంకా రాలేదన్నమాట. చక్రంలో తప్పు లేదు. తప్పు స్పీడ్‌లో ఉంది!

ఒక్క గెంతు గెంతాడు. మావయ్య చేతిని ఓ చేత్తో నెట్టేసి, రెండో చేత్తో ఎర్ర బటన్ గుద్దాడు. చక్రం మూలుగుతూ నెమ్మదించింది.

బావగారు గుమ్మం వైపు పరుగు తీశాడు. మేడమ్ కాలు అడ్డుపెట్టింది. తేనె మాటల మనిషి బోర్లాపడ్డాడు. అతని తాళంతోనే చక్రం వేగాన్ని నడిపే డ్రైవ్ ప్యానెల్ తెరిచారు. రెండో స్పీడ్ సెట్టింగ్ రెండువేల రెండు వందలు, లేబుల్ మీదున్న హద్దుకి సరిగ్గా రెట్టింపు! కిందటిసారి పేలుడు కాగానే పాత అంకె పెట్టేశాడు, నింద పగులు మీదకి పోయింది.

మేడమ్ మొహం పాలిపోయింది. "ఫొటోలకి అక్కడ నిలబడమని చెప్పింది వీడే. అంటే మేస్త్రీతో పాటు నన్ను కూడా..." పళ్లు కొరికింది. "రాసుకో. ముఠాలో ఎవరెవరున్నారో అందరి పేర్లూ చెప్తాను."

ఫుల్‌స్టాప్ గడ్డం పీకేసి మావయ్యని గట్టిగా వాటేసుకున్నాడు. కళ్లు చెమర్చాయి. మావయ్య అతని వీపు నిమిరి, వెంటనే దూరంగా నెట్టాడు.

"కూలెంటు కట్టకుండా చక్రం ఆపుతార్రా ఎవడైనా? చూడు, ఒక్క పక్కే నీళ్లు తాగేసింది! ఇప్పుడిది తిప్పితే ఊగిపోదూ? ముందు విప్పు దాన్ని."

అంతలో చీఫ్ ఫోన్. "శభాష్! ఎంతసేపట్లో వస్తావ్?"

"తెలీదు సార్," అన్నాడు ఫుల్‌స్టాప్, చేతిలో స్పానరుతో. "చక్రం ఆరేదాకా మా మావయ్య కదలనివ్వడు."