పొగగొట్టం మీద గురుడు

"ఏమండీ, రోజూ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా మీ పొయ్యి ఆపగలరా?"

పెరట్లో పిండి పిసుకుతున్న అమ్మాయి తలెత్తింది. గోడ మీంచి పక్కింటి అబ్బాయి తల, దాని పక్కన టెలిస్కోపు గొట్టం కనిపించాయి.

"ఎందుకు?"

"గురుగ్రహం ఫోటో తీస్తున్నాను. మీ పొగగొట్టం వేడికి గ్రహం వణికిపోతోంది."

"ఎంత దూరంలో ఉంది అది?"

"ఇప్పుడైతే అరవై కోట్ల కిలోమీటర్లు."

"అంత దూరం నుంచి హాయిగా వచ్చి, సరిగ్గా మా పొగగొట్టం దగ్గర చిక్కుకుందా?"

ఆమె నవ్వుతుంటే బుగ్గ మీద అంటిన పిండి కూడా నవ్వినట్టుంది. అది చూస్తూ అతను నిచ్చెన మెట్టు తప్పి, గోడ వెనక్కి మాయమైపోయాడు.

"ఉన్నారా?" అని అడిగింది ఆమె.

"ఉన్నాను" అని కింద నుంచి సమాధానం వచ్చింది.

అతను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాడు. ఆమె, ఆమె మేనత్త కలిసి ఆరు దుకాణాలకు బన్నులు కాల్చి ఇస్తారు. గోడ కట్టి పదేళ్ళయింది. దాని మీంచి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మాత్రం ఆ రోజే మొదలు.

మూడో రోజు సాయంత్రం పొగగొట్టం చల్లగా ఉంది. నాలుగో రోజూ అంతే. అతను రెండు నిమిషాలు వీడియో తీసి, అందులోని వేల బొమ్మల్లో కదలకుండా ఉన్నవి ఏరి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాడు. గురుడి మీది చారలు, ఎర్రమచ్చ గీసినట్టు వచ్చాయి. అది ప్రింటు తీయించి, వారం తిరక్కుండా వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"చూడండి, ఎంత బాగా వచ్చిందో!"

ఆమె కళ్ళు మెరిశాయి. "నిజంగానే బాగుంది."

"మీ పొయ్యి పాడవడం నా అదృష్టమండీ. బాగుచేసేవాడు ఇంకో పది రోజులు రాకపోతే బాగుండు."

ఆమె ఫోటో తిరిగి అతని చేతిలో పెట్టి, తలుపు వేసుకుంది.

అతను గుమ్మం ముందే నిలబడిపోయాడు. ఏమన్నాను? బాగుందనే కదా అన్నది? మరి తలుపెందుకు వేసింది? ఆ సాయంత్రం పొయ్యి మునుపటికంటే జోరుగా మండింది. ఎనిమిది వేల బొమ్మల్లో పనికొచ్చేవి పదకొండు దొరికాయి. పొయ్యి బాగయినందుకు బాధపడాలో, ఆమెకు కోపం వచ్చినందుకు బాధపడాలో తేలలేదు. పడుకున్నాక గురుడు గుర్తు రాలేదు. మూసిన తలుపే గుర్తొచ్చింది.

మర్నాడు మేనత్త కళ్ళజోడు కాడ విరిగిందని దుకాణానికి వచ్చింది.

"ఏం బాబూ, నీకేమైనా తెలుసా? మా పిల్ల మొన్నటిదాకా తెల్లవారుజామున నాలుగింటికే లేచి పొయ్యి వెలిగించింది. ఎందుకే అంటే చెప్పదు. నిన్నటి నుంచి మళ్ళీ సాయంత్రమే. ఎందుకే అంటే అసలే చెప్పదు."

అతని చేతిలోని చిన్న మరమేకు జారి ఎక్కడో పడింది. "పొయ్యి... పాడవలేదా?"

"దానికేం రోగం? రాయిలా ఉంది."

మేకు కోసం బల్ల కిందికి దూరిన మనిషి చాలాసేపు పైకి రాలేదు.

"దొరికిందా?" అంది మేనత్త.

"దొరికిందండీ. ఆలస్యంగా దొరికింది."

ఆ సాయంత్రం అతను టెలిస్కోపు భుజాన వేసుకుని వాళ్ళ గేటు తీశాడు. పొయ్యి మండుతోంది. ఆమె బన్నుల పళ్ళెం లోపలికి తోస్తోంది.

"ఆర్పను" అంది అటు తిరిగే.

"ఆర్పొద్దు. నాలుగింటికి లేవద్దు. ఈ పెరట్లో ఆ మూల నిలబడితే పొగగొట్టం నా వెనక ఉంటుంది, గురుడు ఎదురుగా ఉంటాడు. ఏ అడ్డూ ఉండదు."

ఆమె ఇటు తిరిగింది. "ఆ సంగతి ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే రోజూ మీ ఎదుట ఉండాలి. గోడ మధ్యలో ఉంటేనే నా మాట ఇలా ఏడుస్తుంది. గోడ కూడా లేకపోతే..."

ఆమెకు నవ్వు ఆగలేదు. కోపం ఇంకా పోలేదని చూపించడానికి పళ్ళెంతో గట్టిగా శబ్దం చేసింది.

మేనత్త గడప మీద కూర్చుని అడిగింది. "ఎన్నాళ్ళు తీస్తావు బాబూ ఈ ఫోటోలు?"

"గురుడు ఇంకో ఐదు నెలలు కనిపిస్తాడండీ."

"తర్వాత?"

"తర్వాత... శని వస్తాడు."

"కోరి కోరి మా ఇంటికి శనిని తెస్తావా? సరే, వాడూ వెళ్ళాక?"

అతను టెలిస్కోపు వైపు చూశాడు, బన్నుల వైపు చూశాడు, తన చెప్పుల వైపు చూశాడు. ఏ గ్రహమూ సాయానికి రాలేదు.

"అత్తా, అలా అడిగితే ఈయన శుక్రుడు, అంగారకుడు అంటూ ముసలివాడయ్యేదాకా లెక్క చెబుతాడు" అంది ఆమె చేతులు కడుక్కుంటూ. "నాకు ఇష్టం. ఈయనకీ ఇష్టమే, చెప్పడం రాక ఏడుస్తున్నాడు. అవునా, కాదా?"

"అవును" అన్నాడు అతను. ఆ ఒక్క మాట మాత్రం తడబడలేదు.

"హమ్మయ్య" అని మేనత్త లేచింది. "అయితే బాబూ, ఆ గొట్టం దించి ఇంకో పళ్ళెం అందుకో. ఆరు దుకాణాలున్నాయి."